అద్దాలు మారాక దూరం తెలియడం లేదు: ఒక డ్రైవరు కేసు

కేసు షీటు మొదటి వరుసలో నా చేతిరాతతోనే ఉంది: "అద్దాలు మారాక దూరం తెలియడం లేదు." పేషెంటు చెప్పిన మాటను చెప్పినట్టే రాసుకోవాలని చదువుకునే రోజుల్లో మాకు నేర్పారు. రాసుకున్నాను. అర్థం మాత్రం నాకు తోచిందే చేసుకున్నాను. ఆ పొరపాటుకు ఏడు వారాలు, ఒక ఖరీదైన కళ్లజోడు ఖర్చయ్యాయి. ఈ కేసు రాయడానికి అదే కారణం.

నేను విజయవాడలో ఆప్టోమెట్రిస్టును, అంటే కళ్లు పరీక్షించి కళ్లజోడు పవరు రాసేదాన్ని. పేషెంటు ఎవరో తెలియకుండా ఉండేందుకు ఊరు, వయసు, ఉద్యోగానికి సంబంధించిన కొన్ని వివరాలు మార్చాను. లెక్కలను మాత్రం మార్చలేదు.

నేపథ్యం

ఆయనకు యాభై నాలుగేళ్లు. గుంటూరు పక్క పల్లె. పాతికేళ్లకు పైగా సొంత చిన్న లారీ నడిపారు. సీజనులో గుంటూరు యార్డుకు మిర్చి బస్తాలు, మిగతా రోజుల్లో ఏ కిరాయి దొరికితే అది. అన్నేళ్లలో చెప్పుకోదగ్గ ప్రమాదం ఒక్కటీ లేదు. బండి పాతబడింది, నడుము నొప్పి మొదలైంది, లారీ అమ్మేశారు. మా దగ్గరకు రావడానికి మూడు నెలల ముందు విజయవాడలో ఒక కుటుంబానికి కారు డ్రైవరుగా చేరారు. కొత్త ఉద్యోగానికి కొత్త కళ్లజోడు ఉండాలని అదే వారంలో ఒక దుకాణంలో చేయించుకున్నారు. ఈ రెండు మార్పులూ ఒకే వారంలో జరగడం నన్ను తప్పుదారి పట్టించింది.

ఎనిమిదేళ్లుగా షుగరు ఉంది, మందులు సక్రమంగానే వాడుతున్నారు. చత్వారం వచ్చి పదేళ్లు దాటింది.

సమస్య

మూడు సంఘటనలు చెప్పారు. మొదటిది కాజ టోల్‌గేటు దాటాక. ముందున్న ట్రాక్టరును దాటడానికి కుడికి తిప్పారు. వెనకనుంచి వస్తున్న కారు గట్టిగా హారను కొట్టి, బ్రేకు వేసి, పక్కనుంచి తిట్టుకుంటూ వెళ్లిపోయింది. రెండోది పది రోజుల తరువాత కనకదుర్గ వారధి మీద, అచ్చంగా అదే తీరు. మూడోది ఏలూరు రోడ్డులో. ఎడమకు జరుగుతుంటే ఒక స్కూటరు హ్యాండిలు కారు అద్దానికి తగిలింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఆ రోజు కారులో యజమాని ఉన్నారు. "కళ్లు చూపించుకుని రా, అప్పటిదాకా తాళాలు ఇవ్వను" అన్నారట.

ఆయన మాటల్లో నాకు బాగా గుర్తున్నది ఇది: "నేను చూడకుండా తిప్పలేదు మేడం. చూశాను. చాలా వెనక ఉన్నాడు. తిప్పేసరికి పక్కనే ఉన్నాడు."

ఇంకో భయం కూడా ఉంది. నలభై దాటినవాళ్లు లైసెన్సు రెన్యువల్ చేయించుకోవాలంటే ఫారం 1ఎ మీద డాక్టరు సంతకం కావాలి. ఆయన రెన్యువల్ దగ్గర పడింది. నేను ఏమైనా రాసేస్తే జీవనాధారం పోతుందని కుర్చీ అంచున కూర్చున్నారు.

మొదటి రోజు ఏం చూశాం

డ్రైవరు వచ్చి దూరం తెలియడం లేదంటే నేను మూడు ప్రశ్నలు వేసుకుంటాను. పక్కచూపు తగ్గిందా? చూపులో స్పష్టత తగ్గిందా? రెండు కళ్లూ కలిసి లోతును పట్టడం లేదా?

మొదటి ప్రశ్నకు జవాబు త్వరగానే వచ్చింది. ఫీల్డ్ టెస్టు మామూలుగా ఉంది, కంటి ఒత్తిడి మామూలే, కంటి డాక్టరు గారు రెటీనా చూసి షుగరు ప్రభావం లేదన్నారు. కళ్లజోడుతో దూరపు చూపు రెండు కళ్లకూ 6/6. లోతు పరీక్షలో మా పుస్తకంలోని చిన్న వలయాల వరకూ తడుముకోకుండా చెప్పారు. రెండు కళ్లలోనూ శుక్లం ఆరంభ ఛాయ ఉంది కానీ ఆ వయసులో అది వింత కాదు.

అంటే కళ్లు బాగున్నాయి. అక్కడ ఆగి కళ్లకు బయట వెతికి ఉండాల్సింది. ఆగలేదు. ఆయన పెట్టుకొచ్చిన బైఫోకల్ కళ్లజోడును యంత్రం మీద పెట్టి చూశాను. పవరు సరిగ్గానే ఉంది, కళ్లద్దాల కేంద్రాలు మాత్రం ఒక 4 మిల్లీమీటర్లు పక్కకు పడ్డాయి. ఆయనది చిన్న పవరు. ఆ పవరుకు ఆ తేడా లెక్కలోకి రాదని నాకు తెలుసు. అయినా దొరికిన దొంగను వదలబుద్ధి కాలేదు. షీటు మీద ఉన్న మాట కూడా నాకు వంత పాడింది: అద్దాలు మారాకే కదా ఇబ్బంది మొదలైంది!

చేసినవి, చెడినవి

ఇంకొక మాట కూడా ఆయన అన్నారు. కుడి పక్క అద్దంలో బొమ్మ అంత పదునుగా ఉండదని. దాన్ని పట్టుకుని నేను ఇలా ఆలోచించాను: కంటికీ ఆ అద్దానికీ మధ్య మూరెడున్నర దూరం, అది దూరపు చూపూ కాదు, చదివే దూరమూ కాదు. నడిమి దూరానికి కూడా పవరు ఉండే ప్రోగ్రెసివ్ అద్దాలు ఇస్తే సరిపోతుంది. ఇచ్చాను.

రెండు వారాలకు తిరిగొచ్చారు. పరిస్థితి ముదిరింది. కుడి అద్దంలోకి చూస్తే రోడ్డు ఊగినట్టు ఉంటోందన్నారు. కారణం కష్టమైనదేమీ కాదు. ప్రోగ్రెసివ్ అద్దంలో పవరు పైనుంచి కిందకు ఒక సన్నని దారి వెంట మారుతుంది, ఆ దారికి రెండు పక్కలా బొమ్మ వంకర పోతుంది. పాతికేళ్లు లారీ నడిపిన మనిషి పక్క అద్దం కోసం తల తిప్పడు, కన్ను తిప్పుతాడు. ఆ చూపు తిన్నగా వెళ్లి వంకర భాగంలో పడుతోంది. డ్రైవరుకు కళ్లజోడు రాసేముందు ఆయన తల తిప్పుతాడా, కన్ను తిప్పుతాడా అని చూడకపోవడం నా తప్పు. కళ్లజోడు వెనక్కి తీసుకుని, దూరపు చూపు ఒక్కటే ఉన్న మామూలు జోడు బండి కోసం ఇచ్చాను. ఊగడం ఆగింది. దూరం ఇబ్బంది మాత్రం ఎక్కడిదక్కడే ఉంది.

ఈలోగా యజమాని గారి అబ్బాయి తనవంతు సాయంగా, పక్క అద్దాల మూలల్లో అంటించే రూపాయి బిళ్లంత గుండ్రటి బుల్లి అద్దాలు తెప్పించి అంటించాడు. వాటిలో లోకమంతా కనిపిస్తుంది, అన్నీ చీమలంత. "అందులో చూస్తే వెనక బండి మంగళగిరిలో ఉన్నట్టుంటుంది మేడం" అన్నారు ఆయన.

ఆ మాట దగ్గర నాకు చెవి తెరుచుకుంది. "మీరు మొదటిరోజు అద్దాలు మారాక అన్నారు. ఏ అద్దాలు?" అని అడిగాను.

ఆయన నా వైపు వింతగా చూశారు. "బండి అద్దాలు మేడం. లారీ అద్దంలో నాకు దూరం బాగా తెలిసేది. ఈ కారు అద్దంలో తెలియడం లేదు."

కిటికీకి ఉన్నదీ అద్దమే, గోడకు వేలాడేదీ అద్దమే, ముక్కు మీద ఉన్నదీ అద్దమే. మన భాషలో ఇన్నింటికీ ఒకే మాట చాలు. కళ్లజోళ్ల వ్యాపారంలో ఉన్న నాకు ఆ మాట ఒకే అర్థంలో వినిపించింది.

ఆటోనగర్ ముక్క

లారీ కొన్నవాళ్లు ఆయనకు తెలిసినవాళ్లే కాబట్టి బండిని చూడటం కష్టం కాలేదు. ఒక మధ్యాహ్నం ఆటోనగర్‌లో మరమ్మతుకు వచ్చినప్పుడు మా క్లినిక్‌లో కళ్లజోళ్లు బిగించే అబ్బాయిని లెన్స్ క్లాక్ ఇచ్చి పంపాను. చేతి గడియారమంత ఉండే ఈ పరికరానికి కింద మూడు ముళ్లు ఉంటాయి. అటూ ఇటూ ఉన్న రెండూ కదలవు, మధ్యది లోపలికీ బయటికీ జరుగుతుంది. ఏ ఉపరితలం మీద ఆనిస్తే దాని వంపు ఎంతో పైనున్న గడియారపు ముల్లు చూపిస్తుంది. మేము కళ్లద్దాలకు వాడేది, బండి అద్దానికి వాడినా అది కాదనదు.

లారీ కుడి అద్దం మీద ముల్లు సున్నా దగ్గర నిలబడింది. అంటే సమతల దర్పణం, ఇంట్లో తల దువ్వుకునే అద్దం లాంటిదే. ఎప్పుడో పన్నెండేళ్ల కిందట అసలు అద్దం పగిలితే, మామూలు అద్దం ముక్కను ఆ ఆకారానికి కోయించి చట్రంలో పెట్టించారట. ఎడమ అద్దం అంతకన్నా ముందే ఊడిపోయింది, ఆ వైపు సంగతి క్లీనరు చూసేవాడు. లోపలి అద్దం ఉన్నా లాభం లేదు, వెనకంతా బస్తాలే.

తరువాత కారు. లోపలి అద్దం మీద సున్నా. పక్క అద్దాలు రెండింటి మీదా అర డయాప్టరుకు (కళ్లద్దాల పవరును కొలిచే ప్రమాణం) కాస్త తక్కువ. మా పరికరం లెక్కలో అది సుమారు 120 సెంటీమీటర్ల వక్రతా వ్యాసార్ధం, అంటే నాభ్యంతరం (బాగా దూరపు వస్తువు ప్రతిబింబం అద్దంనుంచి ఎంత దూరంలో ఏర్పడుతుందో అది) 60 సెంటీమీటర్లు. పదో తరగతి భౌతికశాస్త్రంలో చదివి మరిచిపోయిన కుంభాకార దర్పణం ఇదే. స్టీలు గరిటె వెనక వైపు, అపార్టుమెంటు సెల్లారు మలుపులో పెట్టే గుండ్రటి అద్దం, ఇవన్నీ ఆ కుటుంబమే.

కాబట్టి పన్నెండేళ్లపాటు ఒకే ఒక్క సమతల అద్దం చూసి దూరం అంచనా వేసిన మనిషి, ఒక్క రోజులో రెండు కుంభాకార అద్దాల మధ్య కూర్చున్నాడు. వాటి మధ్యలో ఉన్న సమతల అద్దాన్ని ఆయన చూడనే చూడడు, ఎందుకంటే లారీలో దాన్ని చూసే అలవాటే లేదు.

లెక్క ఏం చెబుతోంది

ఇక్కడ కాస్త నెమ్మదిగా వెళ్లాలి. నేను రాసిన ప్రోగ్రెసివ్ ఎందుకు తప్పో కూడా ఇందులోనే ఉంది.

సమతల అద్దంలో ప్రతిబింబం, వస్తువు అద్దానికి ఎంత ముందుందో అంతే వెనక ఏర్పడుతుంది. వెనక బండి 20 మీటర్ల దూరంలో ఉంటే ప్రతిబింబం కూడా అద్దం వెనక 20 మీటర్లలో, అదే సైజులో ఉంటుంది. బీసెంట్ రోడ్డులో ఇరుకు దుకాణాలవాళ్లు గోడ నిండా అద్దం పెట్టించేది ఇందుకే. గోడ వెనక ఇంకో దుకాణం ఉన్నట్టు కన్ను నమ్ముతుంది, ఆ దూరం కూడా సరిగ్గా నమ్ముతుంది.

కుంభాకార అద్దంలో ప్రతిబింబం ఎంత దూరపు వస్తువుదైనా నాభ్యంతరం దాటి వెళ్లదు. ఈ కారు అద్దంలో 20 మీటర్ల వెనకున్న కారు ప్రతిబింబం అద్దం వెనక 58 సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది. 170 సెంటీమీటర్ల వెడల్పున్న కారు అక్కడ 5 సెంటీమీటర్లకు కుదించుకుపోతుంది. డ్రైవరు కంటినుంచి కుడి అద్దం 70 సెంటీమీటర్లు. కన్ను నిజంగా చూస్తున్నది మీటరూ పాతిక సెంటీమీటర్ల చిల్లర దూరంలో ఉన్న బొమ్మ కారును. నేను పవరు రాసింది అద్దం ఉన్న 70 సెంటీమీటర్లకు. కన్ను అద్దాన్ని చూడటం లేదు, అద్దంలోకి చూస్తోంది. ఆ చిన్న తేడాను నేను మరిచాను.

అసలు చిత్రం ఇది. ప్రతిబింబం నిజానికి దగ్గరకు వచ్చింది, అయినా మనిషికి దూరంగా కనిపిస్తోంది. ఎందుకంటే మెదడుకు కారు ఎంత ఉంటుందో ముందే తెలుసు. చిన్నగా కనిపించే కారు దూరంగా ఉన్న కారే అని అది తీర్పు చెప్పేస్తుంది. రెండు కళ్ల కలయిక మీటరుంపావు అంటున్నా వినదు. ఇది సరిచూడటానికి ఆయన్ను ఒక కన్ను మూసి అంచనా చెప్పమన్నాను. రెండు కళ్లతో చెప్పిన జవాబే చెప్పారు. నేను మొదటిరోజు అంత శ్రద్ధగా చేసిన లోతు పరీక్షకు ఈ కేసుతో సంబంధమే లేదని అప్పుడు తేలింది.

కుడి అద్దంలో ఆ కారు కంటి దగ్గర చేసే కోణం సుమారు 2.2 డిగ్రీలు. సమతల అద్దంలో అయితే 4.7. మామూలుగా చూసినప్పుడు 2.2 డిగ్రీలంత కనిపించాలంటే ఆ కారు 44 మీటర్ల దూరంలో ఉండాలి. ఇక ఎడమ అద్దం డ్రైవరుకు ఇంకా దూరం, ఈ కారులో 140 సెంటీమీటర్లు. వంపు అదే, కారు అదే, కానీ ఎడమ అద్దంలో అది 68 మీటర్ల దూరపు కారంత చిన్నగా కనిపిస్తుంది. కన్ను అద్దానికి ఎంత దూరమైతే అంత చిన్నది. రెండు పక్కలా ఒకే అద్దం ఉన్నా రెండు పక్కలా ఒకే దూరం కనిపించదు. ఈ మాట డ్రైవింగు నేర్పేవాళ్లు చెప్పగా నేను వినలేదు.

దీన్ని కాలంలోకి మార్చితేనే గుండె గుభేలుమంటుంది. తను గంటకు 60 కిలోమీటర్లలో, వెనక బండి 100లో ఉంటే తేడా సెకనుకు 11 మీటర్లు. 44 మీటర్లు అనుకున్నవాడికి చేతిలో నాలుగు సెకన్లున్నాయి. నిజంగా ఉన్నవి రెండు సెకన్లకు తక్కువ.

ఖాళీ లేఅవుటులో పరీక్ష

కాగితం లెక్క మనిషి లెక్క కాకపోవచ్చు. అందుకని ఒక ఆదివారం తెల్లవారి ఆరింటికి, మంగళగిరి వైపు ప్లాట్లు అమ్ముడుపోని ఒక లేఅవుటుకు వెళ్లాం. రోడ్లు వేసి వదిలేశారు, మేకలు తప్ప ఎవరూ లేరు. టేపుతో 20 మీటర్లు కొలిచి సున్నం గీత గీశాం. గీత మీద నా కారు పెట్టి మా క్లినిక్ అబ్బాయిని కూర్చోబెట్టాను. నేను ఆయన పక్క సీటులో కూర్చున్నాను.

ఆయన కొలమానం మీటర్లు కాదు, పెద్ద లారీ పొడవులు. లోపలి అద్దం చూసి "రెండు లారీలు" అన్నారు. కుడి అద్దం చూసి "నాలుగు". ఎడమ అద్దంలోకి చాలాసేపు చూసి "ఐదు దాకా ఉంటుంది" అన్నారు. తరువాత వెనక్కి తిరిగి కిటికీలోంచి కళ్లతో చూసుకుని ఏమీ మాట్లాడలేదు. కాసేపటికి, "ఇదేం మోసం మేడం" అన్నారు.

కుడి అద్దం జవాబు లెక్కకు దగ్గరగా ఉంది, ఎడమది లెక్క చెప్పినంత దూరం పోలేదు. ఇది మామూలే. ఏళ్ల తరబడి ఈ అద్దాలతో నడిపినవాళ్లు తెలియకుండానే ఇంకా ఎక్కువ సరిదిద్దుకుంటారు. ఈయనకు ఆ సమయం దొరకలేదు.

ఎడమ అద్దం అడుగున ఇంగ్లీషులో ఒక వరుస చెక్కి ఉంది. అద్దంలో కనిపించేవి కనిపించినదానికన్నా దగ్గరగా ఉంటాయని దాని అర్థం. అమెరికాలో డ్రైవరు పక్క అద్దం సమతలంగానే ఉండాలని, అవతలి పక్కన కుంభాకారం పెడితే ఈ హెచ్చరిక రాసి తీరాలని నిబంధన. ఆ వాక్యం అలా ఊళ్లు తిరిగి మన రోడ్ల మీదికీ వచ్చింది. ఆయన దాన్ని కంపెనీ పేరనుకున్నారు.

పాత అద్దమే పెట్టిద్దామా?

ఆయన మొదట అడిగింది ఇదే: ఆటోనగర్‌లో ముక్క కోయించి కుడి పక్క పెట్టించేస్తే గొడవ పోతుంది కదా? యజమాని కూడా సరేనన్నారు. న్యాయమైన ప్రశ్న. నేను వద్దన్నాను.

కుంభాకార అద్దం దూరాన్ని చెడగొట్టి వెడల్పును ఇస్తుంది. ఈ కారు కుడి అద్దం 17 సెంటీమీటర్ల వెడల్పు. సమతలంగా ఉంటే ఒక కంటికి దాదాపు 14 డిగ్రీల మేర మాత్రమే కనిపిస్తుంది, ఇప్పుడున్న వంపుతో 29. ఆ పోయే సగంలోనే బెంజి సర్కిల్ దగ్గర పక్కనుంచి దూరే మోటారు సైకిళ్లుంటాయి. లారీలో ఆయన ఎత్తున కూర్చునేవారు, వేగం తక్కువ, పక్కకు వచ్చేవాళ్లు లారీని చూసి తామే తప్పుకునేవారు. కారును చూసి ఎవరూ తప్పుకోరు. దూరం తప్పు తెలిస్తే సరిదిద్దుకోవచ్చు. కనిపించనే కనిపించని బండిని ఏ లెక్కతోనూ సరిదిద్దలేం.

అద్దం అదే ఉంటుంది, చూపే మారాలి అని తేల్చాం.

రెండు ఉపాయాలు ఫలించలేదు

మొదట నేను ఇచ్చిన సూత్రం చాలా తెలివైనదని నాకు అనిపించింది: కుడి అద్దంలో తోచిన దూరంలో సగం, ఎడమ అద్దంలో మూడో వంతు తీసుకోండి. వారం తరువాత యజమాని ఫోను చేశారు. కాజనుంచి మంగళగిరి దాకా ఒక సిమెంటు లారీ వెనకే వచ్చారట, ఒక్కసారీ దాటలేదట. అడిగితే డ్రైవరు గారు "లెక్క కుదరలేదు" అన్నారట. నిజమే. స్టీరింగు పట్టుకున్నవాడు భాగహారం చేయడు. చేసేలోగా దూరం మారిపోతుంది.

రెండోది పట్టీ గుర్తు. 20 మీటర్ల దూరంలో కారు కుడి అద్దం గాజు మీద ఆక్రమించేది దాదాపు 2.7 సెంటీమీటర్లు, బొటనవేలి వెడల్పుకు కాస్త ఎక్కువ. అద్దం అంచున రంగు పట్టీ అంటించి, బండి ఇంతకన్నా వెడల్పుగా ఉంటే కదలవద్దని చెప్పాను. కార్లకు బాగానే పనిచేసింది. బస్సు వచ్చేసరికి చాలా దూరంలోనే పట్టీని మించిపోయింది. మోటారు సైకిలైతే పక్కకు వచ్చినా పట్టీని నింపలేదు. రెండోదే ప్రమాదకరం. పట్టీ ఊడదీశాం.

పనిచేసినది

ఈ రెండూ చెడ్డాకే నేను అడుగుతున్న ప్రశ్నే తప్పని అర్థమైంది. ఎంత దూరం అని కుంభాకార అద్దాన్ని అడిగితే అది అబద్ధం చెబుతుంది. పెరుగుతోందా అని అడిగితే నిజం చెబుతుంది.

వస్తువు దగ్గరకు వచ్చేకొద్దీ ప్రతిబింబం పెరిగే నిష్పత్తి, కార్ల మధ్య ఉండే దూరాల్లో, రెండు రకాల అద్దాల్లోనూ ఇంచుమించు ఒకటే. బండి 40 మీటర్లనుంచి 20 మీటర్లకు వస్తే సమతల అద్దంలో బొమ్మ రెట్టింపవుతుంది. కుంభాకారంలోనూ దాదాపు రెట్టింపే అవుతుంది, చిన్నదానికి రెట్టింపు, అంతే తేడా. చిన్న బొమ్మ కాబట్టి ఆ పెరుగుదల ఒక్క చూపులో పట్టుబడదు. రెండు చూపులు కావాలి, మధ్యలో కాస్త సమయం కావాలి.

కాబట్టి వరుస ఇలా కుదిరింది. పక్క అద్దంలో ఒక చూపు: ఎవరైనా ఉన్నారా? ఉంటే, సెకను ఆగి ఇంకో చూపు: పెరిగాడా? పెరిగితే కదలకూడదు, అతను దాటిపోయేదాకా ఉన్న వరుసలోనే ఉండాలి. పెరగకపోతే లోపలి అద్దం: అక్కడ దూరం నిజంగా ఉన్నంతే కనిపిస్తుంది. చివరగా భుజం మీదుగా ఒక్కసారి, ఏ అద్దంలోనూ పడని మూల కోసం. బుల్లి గుండ్రటి అద్దాలు పీకేశాం.

సెకను ఎలా కొలవాలన్నది నా సమస్య కాలేదు. ఆయనే తేల్చుకున్నారు. మొదటి చూపు, "అమ్మా దుర్గమ్మా", రెండో చూపు. వాచీతో చూశాను. సెకనుకు కాస్త ఎక్కువే పడుతుంది. నాకు అంతకన్నా మంచి కొలత తట్టలేదు.

లేఅవుటులో మరో మూడు ఆదివారాలు. మా క్లినిక్ అబ్బాయి కారు ఒకసారి నిలబెట్టేవాడు, ఒకసారి మెల్లగా వచ్చేవాడు, ఒకసారి వేగంగా. ఆయన వెనక్కి తిరగకుండా పెరిగాడో లేదో మాత్రమే చెప్పాలి. మొదటి ఆదివారం సగానికి సగం తప్పు. మూడోనాటికి వేగంగా వచ్చినప్పుడు ఒక్కసారీ తప్పలేదు. మెల్లగా వచ్చినప్పుడు ఇంకా తడబడేవారు, అప్పుడు లోపలి అద్దం కాపాడేది. కష్టమైంది కూడా అదే. లోపలి అద్దం వైపు చూపు పోయేలా చేయడానికి పెరుగుదల నేర్పడం కన్నా ఎక్కువ సమయం పట్టింది. పాతికేళ్లపాటు అక్కడ చూస్తే బస్తాలే కనిపించిన మనిషికి, అక్కడ రోడ్డుంటుందని ఒంటికి ఎక్కాలి కదా.

ఆ తరువాత ఆరు నెలల్లో అటువంటి సంఘటన మళ్లీ జరగలేదు. ఒక్క మనిషి, ఆరు నెలలు. ఇంతకన్నా పెద్ద మాట దీన్నిబట్టి చెప్పను.

ఈ కేసు తరువాత మా దగ్గర మారినవి

డ్రైవర్ల కేసు షీటులో రెండు ప్రశ్నలు చేర్చాం: ఇటీవల ఏ బండినుంచి ఏ బండికి మారారు, పక్క అద్దం ఎప్పుడైనా మార్పించారా. తరువాత వచ్చినవాళ్లలో కోయించిన సమతల అద్దం ముక్కతో తిరుగుతున్నవాళ్లు నాకు ఇద్దరు తగిలారు. ఒకరికి కుడివైపు సమతలం, ఎడమవైపు కుంభాకారం. ఆయన దాన్ని దేవుడిచ్చిన వరంలా వాడుకుంటున్నారు, నేను కదపలేదు.

ఫారం 1ఎలో 25 మీటర్ల దూరంలోని నంబరు ప్లేటు చదవగలరా అన్న ప్రశ్న ఉంది. మా పేషెంటు నాకన్నా ముందే చదివేస్తారు. అది ముందున్న ప్లేటు. వెనకున్నదాని గురించి ఆ కాగితంలో ఏమీ లేదు.

"అద్దం" అన్న మాట వినగానే "ఏ అద్దం?" అని అడగడం కూడా అలవాటైంది. కొందరు నన్ను చెవిటిదాన్ని అనుకుంటున్నారు.

మిగిలిపోయినది

రాత్రి సంగతి తేలలేదు. పగలు బండి మొత్తం కనిపిస్తుంది. రాత్రి కనిపించేవి రెండు దీపాలు, వాటి మధ్య ఎడమే సైజు. అవి విడిపోతూ వస్తే పెరిగినట్టు, అక్కడి వరకూ మా పద్ధతి నడుస్తుంది. ఒక్క దీపమే ఉంటే ఏం పెరుగుతుంది? అది దగ్గరి మోటారు సైకిలో, ఒక హెడ్‌లైటు పోయిన లారీయో కుంభాకార అద్దం చెప్పదు. వెలుగు కొట్టకుండా లోపలి అద్దం కింద మీట తిప్పితే అక్కడా మసక చుక్కే మిగులుతుంది.

కిందటి నెల చదువుకునే కళ్లజోడు కోసం వచ్చినప్పుడు అడిగాను, రాత్రిపూట ఏం చేస్తున్నారని. "ఒంటి దీపం కనిపిస్తే నేను దాటను మేడం. అతను పోయాకే. దుర్గమ్మ పేరు ఎన్నిసార్లు తలుచుకోవలసి వస్తే అన్నిసార్లు తలుచుకుంటాను" అన్నారు.